హనన్యా ప్రసంగం నేనూ చెప్పాను

వాక్యం చెప్పడం మొదలుపెట్టిన కొత్తలో నా ప్రసంగం ఎలా ఉందో ఆమేన్‌లను బట్టి అంచనా వేసుకునేవాణ్ణి. సంఘం గట్టిగా పలికితే ఆ రోజు హాయిగా నిద్రపట్టేది. మౌనంగా ఉంటే వారమంతా టెన్షన్.

ఒక ఆదివారం యిర్మీయా 29:11 తీసుకున్నాను. దేవుని ఉద్దేశాలు సమాధానకరమైనవే గానీ హానికరమైనవి కావన్న వాగ్దానం. ఆ ఒక్క వచనం చదివి, బైబిలు పక్కన పెట్టి, నలభై నిమిషాలు మాట్లాడాను. "మీ కష్టం ఈ సంవత్సరంతో సరి" అన్నాను. సంఘమంతా ఆమేన్ అంది. రెండో వరసలో ఒక సహోదరి కళ్ళు తుడుచుకుంటూ ఆ మాటను నోట్‌బుక్‌లో రాసుకుంది. ఆమె భర్త అప్పటికే మంచం పట్టి ఉన్నాడు.

నాలుగు నెలలకు ఆయన చనిపోయాడు. కొన్నాళ్ళాగి ఆమె అదే నోట్‌బుక్ తెచ్చి, ఆ పేజీ తెరిచి నా ముందు పెట్టింది. అక్షరాలు వంకరగా ఉన్నాయి, కింద రెండు గీతలు. ఆమె గొంతులో కోపం లేదు.

"అయ్యగారూ, ఈ వాక్యం నాకు కాదా?"

నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ రాత్రి ఆ వచనానికి ముందూ వెనకా ఉన్నదంతా కూర్చుని చదివాను. అంతకుముందు ఒక్కసారైనా అలా చదవనందుకు ఇప్పటికీ బాధపడతాను. పదో వచనంలోనే ఉంది: 70 సంవత్సరాలు గడిచాకే తిరిగి రావడం. ఆ మాటలు బబులోనుకు చెరగా వెళ్ళిన యూదులకు యెరూషలేము నుంచి ప్రవక్త యిర్మీయా పంపిన ఉత్తరంలోవి. అది విన్న పెద్దవాళ్ళలో చాలామంది సొంత ఊరు మళ్ళీ చూడకుండానే అక్కడ కన్నుమూసి ఉంటారు. దేవుడు వాళ్ళ దగ్గర ఏమీ దాచలేదు. ఆ 70 ఏళ్ళను కోసేసి ఒక్క ఏడాది చేసింది నేను.

దానికి ముందున్న 28వ అధ్యాయం చదువుతుంటే చేతులు చల్లబడ్డాయి. అక్కడ హనన్యా అనే ప్రవక్త ఉన్నాడు. మందిరంలో, యాజకులూ ప్రజలూ చూస్తుండగా, బబులోను రాజుకు లొంగి ఉండాలన్న దేవుని మాటకు గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడిని తీసి విరగ్గొట్టాడు. రెండేళ్ళలో చెరలో ఉన్నవాళ్ళంతా తిరిగొస్తారన్నాడు. ఎవరూ మరిచిపోలేని దృశ్యం, దగ్గరి గడువు, మాట్లాడింది దేవుని పేరిట. ఇప్పటి సభల్లో అయినా జనం లేచి నిలబడతారు. దేవుడు అతణ్ణి పంపలేదు, అంతే.

ఇంకోటి కూడా చూశాను. హనన్యా మాట విన్న వెంటనే యిర్మీయా ఆమేన్ అన్నాడు, దేవుడు అలాగే చేయాలని కోరుకున్నాడు. ఆ ఆమేన్ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. చేదు మాట చెప్పాల్సినవాడికే ఆ జనం మీద అంత ప్రేమ ఉంది. ఆ ప్రేమ లేకుండా నిజం చెప్పే బోధకులను చూశాను, వాళ్ళ మాట రాయిలా తగులుతుంది. యిర్మీయాకు ప్రేమ ఉంది, అయినా గడువు మార్చలేదు.

పైగా ఆ ఉత్తరంలో ఎంత ఆదరణ! ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటండి, వాటి పండ్లు తినండి, పిల్లలకు పెళ్ళిళ్ళు చేయండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి. చెరలో ఉన్నవాడు మర్నాడు పొద్దున లేచి చేయగలిగిన పనులు ఇవి. ఆ సహోదరికి నేను ఇవ్వాల్సింది ఇదే.

అప్పటి నుంచి శనివారం నా పని మారింది. తీసుకున్న భాగానికి అటూ ఇటూ అధ్యాయాలు పైకి చదువుతాను. ఈ మాట మొదట విన్నది ఎవరు, ఏ స్థితిలో విన్నారు అని అడుగుతాను. ఎజ్రా కాలంలో మందిర సేవకులైన లేవీయులు ధర్మశాస్త్రం చదివి, జనానికి అర్థం విడమరిచారని నెహెమ్యా 8:8లో ఉంది. నా పని కూడా అంతే అనుకుంటాను. రాసుకున్న వాక్యం ఎంత తీయగా ఉన్నా, లేఖన భాగంలో దానికి ఆధారం దొరక్కపోతే కొట్టేస్తాను. కొట్టేసేటప్పుడు ఆ నోట్‌బుక్‌లోని రెండు గీతలు గుర్తొస్తాయి.

మరుసటి ఏడు అదే అధ్యాయం మళ్ళీ చెప్పాను. ముందుగా, పోయినసారి తప్పు చెప్పానని సంఘం ఎదుట ఒప్పుకుని క్షమాపణ అడిగాను. ఈసారి ఆమేన్‌లు పెద్దగా లేవు. ఆరాధన అయ్యాక ఆ సహోదరి బైబిలు తెరిచి పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"ఆ తోటల మాట ఎక్కడుందయ్యగారూ, ఇంకోసారి చదవండి" అంది.

ఐదో వచనం. నిలబడే చదివాను. ఆమె వేలు పెట్టి, ప్రతి మాట వెంటా నడిపించుకుంటూ విన్నది.