తడి వైపు, పొడి వైపు

"తెలుగులో నాకు తిను, పడుకో, పళ్ళు తోముకో, ఇవే వచ్చు. ఇది సైన్స్ అమ్మా. తెలుగులో చెప్పలేను."

మా పాప ఈ మాట అన్నది ఒక ఆదివారం, అమ్మమ్మతో వీడియో కాల్‌లో ఉండగా. అన్నది కూడా ఇంగ్లీషులోనే. క్లాసులో పురుగుల మీద ప్రయోగాలు చేస్తున్నారు. ఏ తిండికి ఏవి వస్తాయి, ఎలాంటి చోట నిలుస్తాయి అని. వారం రోజులుగా ఇంట్లో అదే ధ్యాస. అంత ఇష్టంగా చేస్తోంది కదా, అమ్మమ్మ కూడా వింటే సంతోషిస్తుందని "చీమల సంగతి చెప్పు" అన్నాను. తల అడ్డంగా ఊపింది. మళ్ళీ అడిగాను. మూడోసారికి ఈ జవాబు వచ్చింది. అవతల మా అమ్మ "పోనీలేవే, దాన్ని ఇబ్బంది పెట్టకు" అంది. నేను వదల్లేదు. ఒక్క వాక్యమైనా చెప్పమని పట్టుబట్టాను. పాప లేచి వెళ్ళిపోయింది.

ఆ రోజంతా నాకు కోపంగానే ఉంది. రాత్రికి అది బాధగా మారింది. ఎందుకంటే పాప అన్నది నిజం. తనకి పదేళ్ళు. ఈ పదేళ్ళలో తెలుగులో తనతో ఏం మాట్లాడానా అని మర్నాడంతా నన్ను నేను గమనించుకున్నాను. లే. బూట్లు వేసుకో. టైమ్ అవుతోంది. హోమ్‌వర్క్ అయిందా? ఆ సాయంత్రమే తను "చీమలకి చెవులుంటాయా?" అని అడిగితే, ఉండవు, నేల అదిరితే కాళ్ళతో తెలుసుకుంటాయి అని ఇంగ్లీషులో చెప్పేశాను. ఆలోచించకుండానే. అలా అయితే తొందరగా అయిపోతుంది, తనకి ఒక్కసారికే అర్థమవుతుంది, నాకు వంట గదిలో పని ఉంటుంది. పనులు చెప్పడానికి తెలుగు, ప్రపంచం గురించి చెప్పడానికి ఇంగ్లీషు అని గీత గీసింది బడి కాదు. నేనే.

మంగళవారం పక్కన కూర్చుని నోటు పుస్తకం చూపించమన్నాను. భాష ఊసెత్తకూడదని ముందే అనుకున్నాను.

మొదటి ప్రయోగానికి నాలుగు సీసా మూతలు. ఒకదానిలో పంచదార నీళ్ళు, ఒకదానిలో ఉప్పు నీళ్ళు, ఒకదానిలో వినెగర్, నాలుగోదానిలో ఉత్త నీళ్ళు. బడి ఆవరణలో నేల మీద పెట్టి, పది నిమిషాలకోసారి ఎన్ని చీమలు వచ్చాయో లెక్కపెట్టారు. పంచదారకే ఎక్కువ వచ్చాయి. ఆ మాత్రం నేనూ ఊహించాను. ఉత్త నీళ్ళెందుకు పెట్టారని అడిగాను. "లేకపోతే అవి తీపి కోసం వచ్చాయో, దాహం వేసి వచ్చాయో ఎలా తెలుస్తుంది?" అంది. రెండోసారి చేసేటప్పుడు మూతల చోట్లు మార్చారట. కింద పరిచిన కాగితం కూడా మార్చారట. తిండి దొరికిన చీమ గూటికి తిరిగి వెళ్తూ దారి పొడవునా వాసన వదులుతుంది, మిగతావి ఆ వాసన పట్టుకుని వస్తాయి. కాగితం మార్చకపోతే మనం లెక్కపెట్టేది తీపి మీద ఇష్టాన్ని కాదు, పాత దారిని.

ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. నేను తెలుగు పుస్తకాలు నేర్చుకున్నది మా నాన్న ఎదురుగా కూర్చోబెట్టి చదివిస్తే. భయంతో చదివాను, తర్వాత ఇష్టం కలిగింది. పాపతో కూడా అదే దారి పట్టాను. తనకి కాగితం మారిందన్న సంగతి నేను పట్టించుకోలేదు.

మీ ఇంట్లో కూడా చేసి చూడాలనుకుంటే అరటిపండుతో మొదలుపెట్టండి. తాజా ముక్క ఒక గిన్నెలో, బాగా మగ్గింది ఇంకో గిన్నెలో. రెండూ ఒకే సైజు, ఒకే వెలుతురులో. ఒకసారికి ఒక్కటే మార్చాలి, అదొక్కటి పిల్లలు పట్టుకుంటే చాలు. పండ్ల మీద ముసిరే చిన్న ఈగలు మగ్గినదానికే వస్తాయి. మూడో గిన్నెలో పండు లేకుండా గోరువెచ్చటి నీళ్ళలో పంచదార, ఈస్ట్ కలిపి పెట్టండి. అక్కడికీ వస్తాయి. వాటిని పిలిచేది ముఖ్యంగా పండు కాదు, మగ్గిన పండు మీద పెరిగే ఈస్ట్ వాసన. వినెగర్ సంగతి ఇంకా బాగుంటుంది. పలుచగా ఉంటే ఆ వాసనకి వస్తాయి, ఘాటు మరీ ఎక్కువైతే దూరంగా జరుగుతాయి. అదే వాసన, అదే ఈగ.

ఇదంతా ఇంట్లో చేస్తూ నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. బుధవారం రాత్రి కూర్చుని మాటల పట్టిక రాశాను. కీటకం, ఆకర్షణ, వికర్షణ, స్పర్శశృంగాలు. చిన్న కాగితాల మీద పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించాను. పాప పొద్దున్నే వచ్చి ఒక్కో అక్షరం కూడబలుక్కుని "స్పర్శశృంగాలు" చదివి, "అమ్మా, నువ్వు ఈ మాట ఎప్పుడైనా అన్నావా?" అని అడిగింది. అనలేదు. చిన్నప్పుడు మేం చీమ మీసాలు అనేవాళ్ళం. మీసాలు అని చెబితే పాప పకపకా నవ్వి, ఆ రోజంతా అదే మాట అంటూ తిరిగింది. కాగితాలు తీసేశాను.

అంతకుముందు లంచాలు కూడా ఇచ్చాను. తెలుగులో మాట్లాడితే ఒక స్టిక్కర్, పది స్టిక్కర్లకి అరగంట టాబ్లెట్. నెల రోజులు బ్రహ్మాండంగా నడిచింది. తేనెటీగలకి రంగులు తెలుస్తాయని కార్ల్ ఫాన్ ఫ్రిష్ అనే శాస్త్రవేత్త 1914లో రుజువు చేసిన పద్ధతి చదివినప్పుడు నాకు ఆ స్టిక్కర్లే గుర్తొచ్చాయి. నీలం అట్ట మీద తీపి నీళ్ళ గిన్నె పెట్టి తేనెటీగలకి అలవాటు చేశాడు. చుట్టూ రకరకాల బూడిద రంగు అట్టలు. తర్వాత తీపి తీసేసి ఖాళీ గిన్నె పెట్టినా అవి వెతుక్కుంటూ నీలం మీదకే వచ్చాయి. కేవలం వెలుగు, నీడల తేడానే కనిపిస్తే ఏదో ఒక బూడిద అట్ట దగ్గర పొరబడాలి కదా. పొరబడలేదు. ఆయనకి 1973లో నోబెల్ వచ్చింది. నేనూ అలాగే జరుగుతుందనుకున్నాను, స్టిక్కర్లు ఆపేసినా తెలుగు మిగులుతుందని. కానీ తేనెటీగైనా ఎన్నిసార్లు వచ్చినా తీపి దొరకకపోతే రావడం మానేస్తుంది. పాప వారంలో మానేసింది.

ఇక అసలు ప్రయోగం. పూలకుండీ ఎత్తితే కింద బూడిద రంగులో, ముట్టుకుంటే ఉండలా చుట్టుకునే పురుగులు ఉంటాయి కదా, వాటితో చేసింది. అవి కీటకాలే కావట. కీటకానికి ఆరు కాళ్ళు, వీటికి పద్నాలుగు. రొయ్యలు, పీతల వంశం. నేల మీద బతుకుతున్నా ఊపిరి తీసుకునే భాగాలు తడిగా ఉండాలి, ఒంట్లో నీళ్ళు తొందరగా ఆరిపోతాయి. తెలుగులో వీటి పేరేంటని అడిగింది. నాకు తట్టలేదు. "పోనీ బంతి పురుగు అందామా?" అంది. అలాగే అన్నాను.

మూత ఉన్న డబ్బా అడుగున సగం తడి టిష్యూ, సగం పొడి టిష్యూ. మధ్యలో పది బంతి పురుగులు. నిమిషానికోసారి ఎటు ఎన్ని ఉన్నాయో రాయాలి. సగంలో డబ్బాని అటుదిటు తిప్పాలి, కిటికీ వెలుతురు వల్ల వెళ్తున్నాయేమోనన్న అనుమానం ఉండకుండా. టైమర్ నా చేతిలో పెట్టింది. పదిహేను నిమిషాలు అయ్యేసరికి ఎనిమిది తడి వైపున ఉన్నాయి.

"చూశావా, వాటికి తడే ఇష్టం" అన్నాను.

"అలా అనకూడదు, మళ్ళీ చూడు" అంది. పొడి వైపు ఉన్న రెండూ ఆగకుండా గబగబా తిరుగుతున్నాయి. తడి వైపు ఉన్నవి దాదాపు కదలడం లేదు. తడి ఎటుందో ముందే తెలుసుకుని అటు నడవాల్సిన పనే లేదు. పొడిలో ఉన్నంతసేపూ ఒళ్ళు కుదురుగా ఉండదు, నడుస్తూనే ఉంటాయి. తడి తగిలితే నెమ్మదించి ఆగిపోతాయి. కాసేపటికి అన్నీ అక్కడే పోగవుతాయి. చూసేవాళ్ళకి అవి ఎంచుకున్నట్టు కనిపిస్తుంది.

ఇది నాకు చాలా నచ్చింది. ఆ ఉత్సాహంలో ఇది ఎందుకు గొప్ప విషయమో పాపకి వివరించడం మొదలుపెట్టాను. రెండు నిమిషాల తర్వాత తను నన్ను ఆపి, "నువ్వే ఇంగ్లీషులోకి వెళ్ళిపోయావు" అంది. నేను గమనించుకోలేదు. సంతోషంగా ఉన్నప్పుడు కూడా నాకు ఆ భాషే ముందు వస్తోంది. ఇరవై ఏళ్ళుగా ఆఫీసులో దానిలోనే ఆలోచిస్తున్నాను మరి. ఇన్నాళ్ళూ పాపని ఎందుకు తిట్టానో ఆ క్షణంలో నాకు సమాధానం దొరకలేదు.

అక్కడితో ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు. "నువ్వూ అంతే కదా, ఏ భాషలో నిన్నెవరూ తప్పు పట్టరో అక్కడ ఆగుతున్నావు" అన్నాను. ప్రేమగానే అన్నాను. పాప ముఖం ముడుచుకుంది.

"నేను డబ్బాలో లేనమ్మా. లెక్కపెట్టేదాన్ని నేను."

ఆ తర్వాత ఇద్దరం మాట్లాడకుండా బంతి పురుగుల్ని తీసుకెళ్ళి కుండీ కింద వదిలేశాం.

పిల్లల్ని గమనించడం తల్లి పనే అనుకున్నాను. కానీ వచ్చిన ప్రతి మాటనీ తెలుగా ఇంగ్లీషా అని లెక్కవేస్తూ కూర్చుంటే, ఆ చూపు పిల్లలకి ఎంత బరువుగా ఉంటుందో. ఇలా రాస్తూనే మళ్ళీ తనని పురుగులతో పోలుస్తున్నాను, చూడండి. మానలేకపోతున్నాను. దీపం పురుగుల గురించి 2024లో వచ్చిన పరిశోధన చదివినప్పుడూ ఇదే జరిగింది. పురుగులకి దీపమంటే మోజు అని తరతరాలుగా అనుకున్నాం. చాలా వేగంగా ఫొటోలు తీసే కెమెరాలతో చూస్తే, ఎగిరే పురుగులు వెలుతురు వైపు తమ వీపు తిప్పుతున్నాయని తేలింది. చీకట్లో కూడా నేల కన్నా ఆకాశానిదే ఎక్కువ వెలుతురు. వీపు అటు ఉంచితే తలకిందులవకుండా నిలకడగా ఎగరొచ్చు. మధ్యలో దీపం అడ్డొస్తే ఆ అలవాటే వాటిని దాని చుట్టూ తిప్పేస్తుంది. మోజు అనుకున్నది నిలదొక్కుకోవడానికి పడే తిప్పలు. పాప రోజంతా ఇంగ్లీషులో ఉండటాన్ని నేను మోజు అని ఎన్నిసార్లు అన్నానో గుర్తొచ్చి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పోయిన ఆదివారం మళ్ళీ కాల్ మాట్లాడుతుంటే, మా అమ్మ మాటల్లో "కుళ్ళిన దాంట్లో పురుగులు వాటంతటవే పుడతాయి కదా" అంది. అవతల సోఫాలో ఉన్న పాప ఒక్కసారిగా "కాదు అమ్మమ్మా!" అని వచ్చి ఫోన్ లాక్కుంది. ఫ్రాన్సెస్కో రెడి అనే ఇటలీ ఆయన 1668లో ఏం చేశాడో చెప్పడం మొదలుపెట్టింది. సీసాల్లో మాంసం పెట్టాడు, కొన్ని తెరిచి ఉంచాడు, కొన్నిటికి పలుచటి బట్ట కట్టాడు. తెరిచిన వాటిలోనే పురుగులు. సగం తెలుగు, సగం ఇంగ్లీషు, చేతులు ఊపుతూ. "ఈగ వాసన చూసి వస్తుంది, లోపల పోలేదు, అప్పుడు క్లాత్ మీద ఎగ్స్ పెడుతుంది."

"గుడ్లు" అన్నాను పక్క నుంచి.

పాప ఆగింది. అమ్మ నా వైపు చూడకుండానే "నువ్వుండవే, దాన్ని చెప్పనీ" అని, "ఆ బట్ట మీద పెట్టిన గుడ్లు ఏమయ్యాయి తల్లీ?" అని అడిగింది. పాప "ఉండు అమ్మమ్మా, బుక్ తెస్తా" అంటూ లోపలికి పరుగెత్తింది. ఫోన్ బల్ల మీద ఆనించి నేను వంట గదిలోకి వచ్చేశాను. తలుపు మాత్రం మూయలేదు.