లెక్కలోకి రాని ఆరుగురు: మా బడి రెండో పోస్టు కోసం

నేను సెకండరీ గ్రేడ్ టీచరుగా ఉన్న పల్లె బడిలో ఒకటి నుంచి ఐదు వరకు తరగతులకు ఇద్దరం ఉపాధ్యాయులం. పిల్లల సంఖ్యను బట్టి టీచరు పోస్టులను బడుల మధ్య సర్దే రేషనలైజేషన్ తాత్కాలిక జాబితాలో మా రెండో పోస్టును మిగులుగా, అంటే బడికి అవసరం లేనిదిగా చూపారని ఒక సాయంత్రం తెలిసింది. అప్పుడు మాకు వర్తించిన నిబంధన ప్రకారం 20 లోపు పిల్లలున్న బడికి ఒక్కరే టీచరు. జాబితాలో మా బడి సంఖ్య 18. హాజరు పట్టీలో ఉన్నది 24 మంది, ఆ రోజు మధ్యాహ్న భోజనానికి కూర్చున్నది 22 మంది.

తేడా వచ్చిన ఆరుగురూ ఇటుక బట్టీలకు వలస వెళ్లే కుటుంబాల పిల్లలు. జనన ధ్రువపత్రం లేనందున వాళ్లకు ఆధార్ రాలేదు. ఆధార్ లేనందున ఆన్‌లైన్‌లో వాళ్ల వివరాలు ధ్రువీకరణ కాలేదు. ఆ కారణంగానే పోస్టుల లెక్కలోంచి పోయారు. రోజూ నా ఎదుట కూర్చుని ఎక్కాలు చెప్పే పిల్లలు కాగితం మీద లేరంటే నాకు చాలా బాధ కలిగింది.

అభ్యంతరాలకు మూడు రోజుల గడువిచ్చారు. మొదటి రోజు మండల కార్యాలయంలో, ఆన్‌లైన్‌లో ఉన్న సంఖ్యనే తీసుకుంటామని చెప్పి పంపేశారు. ఆ రాత్రి 2009 నాటి విద్యాహక్కు చట్టాన్ని మళ్లీ చదివాను. 60 మంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు టీచర్లుండాలని దాని షెడ్యూలులోనే ఉంది. నాకు అంతకన్నా బలంగా కనిపించింది 14వ సెక్షన్: వయసు రుజువు లేదన్న కారణంతో ఏ బిడ్డకూ ప్రవేశం నిరాకరించకూడదు. గుమ్మం దగ్గర ఆపకూడదని చట్టం చెప్పిన బిడ్డను, లోపలికి వచ్చాక అదే కాగితం లేదని లెక్కలోంచి తీసేయడం ఎలా న్యాయమవుతుంది? నా అర్జీ అంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూ రాశాను.

మర్నాడు పొద్దున్నే యాజమాన్య కమిటీని పిలిచాం. చట్టప్రకారం అందులో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి కాబట్టి, తీర్మానం ఊరి మాటగా వెళ్లింది. అడ్మిషన్ రిజిస్టరు, మూడు నెలల హాజరు, భోజనాల రిజిస్టరు నకళ్లు జతచేశాం. ఒక తల్లి పాలిథిన్ కవరులో చుట్టి దాచుకున్న టీకాల కార్డు తెచ్చి, "సారూ, దీంట్లో మా పిల్లదాని పేరుంది, ఇది పనికొస్తదా?" అని అడిగింది. మడతల దగ్గర చిరిగిన ఆ కార్డును జాగ్రత్తగా పరిచి ఫొటో తీసి, దాన్నీ జతచేశాను. అర్జీని జిల్లా కార్యాలయంలో ఇచ్చి, రెండో ప్రతి మీద తేదీ, ముద్ర వేయించుకున్నాను. ఆ ముద్ర లేకపోతే గడువులోపే ఇచ్చామని తర్వాత చూపలేకపోయేవాళ్లం.

వారం తర్వాత పరిశీలనకు వచ్చిన అధికారి పట్టీ చేతపట్టుకుని ఒక్కొక్కరినీ పేరుతో పిలిచారు. 23 మంది లేచి నిలబడ్డారు. ఒక పాపకు జ్వరమైతే వాళ్ల నాన్న భుజాన వేసుకుని గుమ్మం దాకా తెచ్చి చూపించాడు. ఆ సమయంలో నా సహోద్యోగి ఒకటి, రెండు తరగతులకు అక్షరాలు దిద్దిస్తోంది. ఆమె వెళ్లిపోతే ఐదు తరగతులూ ఒకే గదిలో నా ఒక్కడి ముందుంటాయని, నేను సమావేశానికో సెలవు మీదో వెళ్లిన రోజున బడికి తాళం పడుతుందని ఆయనతో చెప్పాను. ఆయన ఏమీ అనలేదు గానీ, రెండు గదుల్లోనూ చాలాసేపు నిలబడి రాసుకున్నారు.

తుది జాబితాలో మా పోస్టు మిగులుగా లేదు. అయితే ఇది ఈ విద్యా సంవత్సరానికే. వచ్చే ఏడాది మళ్లీ లెక్క తీస్తారు. అందుకే ఆరుగురి జనన నమోదు పని వెంటనే మొదలుపెట్టాం. పుట్టి ఏడాది దాటితే నమోదుకు మేజిస్ట్రేటు హోదా గల అధికారి ఉత్తర్వు కావాలి కాబట్టి, తల్లిదండ్రులను వెంటబెట్టుకుని ఆర్డీవో కార్యాలయానికి తిరిగాను. నలుగురికి పత్రాలు వచ్చాయి. మిగిలిన ఇద్దరూ పొరుగు రాష్ట్రంలోని బట్టీ దగ్గర పుట్టినవాళ్లు. పుట్టిన చోటే నమోదు చేయాలి గనుక, ఈసారి వలస వెళ్లేటప్పుడు అక్కడ ఇవ్వాల్సిన దరఖాస్తులు రాసి వాళ్ల నాన్నల చేతికిచ్చాను.