ఓడ చూడ్డానికి వెళ్లి దవడలు చూసొచ్చాం

లండన్‌లో అక్కావాళ్లింటికి వెళ్లినప్పుడు బావగారు ఓడలు చూద్దాం పదమని వాటర్‌లూలో పోర్ట్స్‌మత్ రైలెక్కించారు. నాకు ఓడల మీద మోజేం లేదు, పైగా నెల కింద జ్ఞానదంతం పీకించుకున్న చోట చలిగాలి తగిలితే ఇంకా సలుపుతోంది.

అక్కడ మేం చూసిన మేరీ రోజ్, ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ యుద్ధనౌక. 1545 జులై 19న రాజుగారు ఒడ్డునుంచి చూస్తుండగానే మునిగింది, సుమారు 500 మందిలో బతికింది ఓ 35 మందేనట. 1982లో పైకి తీశారు. మ్యూజియం చీకట్లో అద్దాల వెనక సగం ఓడ ఉంది, దాని గురించి బావగారిని అడగండి, గంట చెబుతారు.

నాకు మాత్రం నావికుల దువ్వెనలు భలే అనిపించాయి. ఒకవైపు సన్న పళ్లు, ఇంకోవైపు ముతక పళ్లు, అచ్చం మా అమ్మమ్మ పేల దువ్వెనే! ఆ పక్కన ఓ విలుకాడి అస్థిపంజరం. నుదురు తక్కువ, మూతి భాగం కాస్త ముందుకు, దవడ దిట్టంగా.

"చూశావా, ఇంత దవడుంటే నీ పన్నుకీ చోటు దొరికేది" అంది అక్క. తను డెంటిస్టు. బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో పీటర్ రాక్ బృందం ఈ ఓడలో పోయినవాళ్ల పుర్రెలు 54, 14వ శతాబ్దపు ప్లేగులో చనిపోయినవాళ్లవి 30 తీసుకుని, ఇప్పటివాళ్లు 31 మంది ఎక్స్‌రేలతో పోల్చి 2006లో ప్రచురించిందట. ప్లేగు కాలంలో కళ్ల దగ్గర్నుంచి నడినెత్తి దాకా కపాలం ఎత్తు 80 మిల్లీమీటర్లుంటే ఇప్పుడు 95, ముఖం మాత్రం అప్పుడే ఎక్కువ ముందుకుండేదట. ఆ 31 మందీ పళ్ల వరస సరిచేయించుకోవడానికి వచ్చినవాళ్లే కాబట్టి, లెక్క మరీ గట్టిదని నాకనిపించలేదు.

"అయితే మనకి తెలివి పెరిగినట్టేగా?" అన్నారు బావగారు.

"అంతరించిపోయిన నియాండర్తాల్ ఆదిమానవుల మెదడు మనదానికంటే చిన్నదేం కాదండీ, మరి వాళ్లేరి?" అని అక్క నోరు మూయించింది. దవడ సంగతి వేరట, చిన్నప్పట్నుంచి గట్టివి నమిలితేనే ఎముక సరిగ్గా ఎదుగుతుంది, ఆ నావికులకేమో రాయిలాంటి బిస్కెట్లు, ఉప్పు మాంసం. మనకి మెత్తటి అన్నం, బ్రెడ్డు. పళ్లు అన్నే, చోటే తగ్గింది.

తిరుగు రైల్లో అక్క బ్యాగులోంచి అమ్మ పంపిన జంతికలు తీసింది. ఎడమవైపు మాత్రమే నములుతూ నాలుగు తిన్నాను.