రెండక్షరాలు చాలట

అందరూ పడుకున్నారు. అన్నయ్య కూతురికి పేరు పెట్టడానికి వదిన పంపిన జాబితా మాత్రం నా బుర్రలోంచి పోవట్లేదు. రెండక్షరాలే ఉండాలట, రేపు పిల్ల అమెరికా వెళ్తే అక్కడివాళ్ళకి నోరు తిరగాలట. ఇంకా బొడ్డు కూడా సరిగ్గా ఆరలేదు, అప్పుడే అమెరికా! పంతులుగారు చిత్తా నక్షత్రం అని చెప్పి పే, పో, రా, రీ ఇచ్చారు. పే, పోలతో ఏమీ దొరకవని వదిన వాటిని కొట్టేసింది. చివరికి అందరూ రియా దగ్గర ఆగారు.

రియా అంటే సంస్కృతంలో గాయని అని రాసుంది అందులో. ఏ సంస్కృతంలో? ఇంటర్లో మేమూ చదివాం, గాయనిని గాయని అనే అన్నారు. నాకు ఒళ్ళు మండింది ఇక్కడే. ఏ పేరు చూసినా అవే అర్థాలు: దేవుడిచ్చిన వరం, అదృష్టవంతురాలు, వెలుగు. నిజంగా కథ ఉన్న పేర్లకేమో ఒక్క ముక్క. సీత పక్కన 'రాముడి భార్య' అని రాసి ఊరుకున్నారు. నాగటి చాలు అని రాస్తే ఏం పోయింది? జనకుడు దున్నుతుంటే చాల్లో దొరికిన పిల్ల కాబట్టే కదా ఆ పేరు పెట్టారు! ఉమకి 'పార్వతి' అట, అంతే. తపస్సుకి బయల్దేరిన కూతుర్ని తల్లి మేన "ఉ, మా" అంటూ, వద్దమ్మా అని ఆపబోయిందనీ, అందుకే ఆ పేరొచ్చిందనీ కుమారసంభవంలో కాళిదాసు చెప్పాడు. ఒక తల్లి బెంగని రెండక్షరాల్లో పెట్టిన పేరది. ఇలాంటివి చెప్పకుండా పేర్ల అర్థాలు అని ఎలా రాస్తారో!

పే అంటే పై కూడా పనికొస్తుందని పంతులుగారే అన్నారు. నేను వెంటనే పైడి అన్నాను. ఫోన్లో అటువైపు చప్పుడు లేదు. "పనమ్మాయి పేరులా లేదూ?" అంది వదిన కాసేపటికి. అమ్మ కూడా ఏమీ అనలేదు.

మా నానమ్మ పైడమ్మ. తాతయ్య పైడీ అనే పిలిచేవాడు. దసరా తర్వాత వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం. విశాఖ బస్ కాంప్లెక్స్‌లో బస్సెక్కించి నన్ను తీసుకెళ్ళింది ఒకసారి నానమ్మ. మూడులాంతర్ల దగ్గర ఇసకేస్తే రాలని జనం. అంత పొడుగు చింతమాను, దాని కొసన కూర్చున్న పూజారి, కింద నుంచి అందరూ విసురుతున్న అరటిపళ్ళు. నానమ్మ కొంగుముడి విప్పి పండు నా చేతికిచ్చి "ఇసురు, బయపడకు" అంది. ఆ తోపులాటలో విడిపోయాం. తాతయ్య గట్టిగా "పైడీ!" అని కేకేస్తే మా చుట్టుపక్కల ఉన్న ఆడవాళ్ళు చాలామంది ఒకేసారి వెనక్కి తిరిగారు. ముసలివాళ్ళు, చంటిపిల్లని ఎత్తుకున్నావిడ, కాలేజీ పిల్ల కూడా. నానమ్మ మాత్రం తిరగలేదు, అమ్మోరి వైపే చూస్తూ దణ్ణం పెట్టుకుంటోంది.

పైడి అంటే బంగారం. హేమ అన్నా బంగారమే. హేమ అని ఉంటే వదిన 'పాత పేరు' అనేది కానీ, పనమ్మాయి మాట వచ్చేది కాదు. అదే గుచ్చుకుంటోంది నాకు.

ఇంత రాశాక చూసుకుంటే, రెండక్షరాల మీద నా కోపం నిలబడట్లేదు. సీత, ఉమ, పైడి, అన్నీ రెండే. వదిన అడిగింది తప్పేం కాదు. ఆ మాటకొస్తే రియాకీ అసలు ఊళ్ళున్నాయి. డచ్చివాళ్ళకి అది మరియాకి పొట్టిపేరు. స్పానిష్‌లో రియా అంటే నేలలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ. యారాడ కొండ పక్కనుంచి ఓడలు లోపలికొచ్చే మన హార్బరు దారి గుర్తొచ్చి, కాసేపు ఆ పేరు మీద ఇష్టం కూడా పుట్టింది.

కానీ రా ఉంది కదా మన దగ్గర! రాధ. విశాఖ నక్షత్రానికి ఇంకో పేరు రాధ, దాని తర్వాత వచ్చేది కాబట్టే అనూరాధ. కర్ణుణ్ణి పెంచిన తల్లి పేరూ రాధే, అందుకే ఆయన రాధేయుడు. విశాఖలో పుట్టిన పిల్లకి ఇంతకంటే ఏం కావాలి? అమ్మకి మెసేజ్ పెడితే "పిల్లది చిత్త కదే" అని జవాబు. నక్షత్రం చిత్తే, ఊరు విశాఖ అని రాశాను. చూసింది, పడుకున్నట్టుంది.

శుక్రవారం బారసాల. పళ్ళెంలో బియ్యం మీద ఉంగరంతో పేరు రాసేది అన్నయ్య కాబట్టి, పొద్దున్నే ముందు తనకే ఫోన్ చేస్తాను. మేనత్తని, నాకూ ఒక మాట ఉంటుంది.