గునుగు కట్టతో మొదలుపెట్టండి

బతుకమ్మ పండుగ మొదలయ్యే ఎంగిలిపూల అమావాస్య దగ్గరపడితే వరంగల్, హన్మకొండ ఇండ్లల్లో గునుగు, తంగేడు కుప్పలు పడతాయి. పెద్దవాళ్లు బతుకమ్మ పేరుస్తూ, నాలుగేండ్ల పిల్లల్ని మాత్రం 'పూలు తొక్కుతవ్, అవతలికి పో' అని తరిమేస్తారు. వాళ్ల వేళ్లకు కావాల్సిన పనంతా ఆ కుప్పలోనే ఉంది. బలపం పట్టాలంటే బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు కలిసి కదలాలి. ఆ పట్టు గిల్లితే, తుంచితే, కడితే వస్తుంది. అక్షరాలు దిద్దించినంత మాత్రాన రాదు.

ఒక్కొక్కరికి ఇరవై గునుగు పుల్లలు చాలు. ముందు ఆకులు తీయించండి, రెండు వేళ్లతో ఒక్కో ఆకు గిల్లుతూ. గుప్పిట బిగించి ఒక్క లాగుడుకే దూసేస్తే పని తొందరగా అయిపోతుంది గానీ వేళ్లకు దక్కేదేమీ లేదు, పువ్వు తల కూడా విరుగుతుంది. తర్వాత ఐదారు పుల్లల తలలు సమానంగా చేర్చి కట్ట కట్టాలి. అసలు కష్టం ఇక్కడే. దారం ముడి ఈ వయసులో రాదు. సన్న రబ్బరు బ్యాండు రెండో చుట్టుకే జారిపోతుంది. జడకు వేసే లావు బ్యాండు ఇవ్వండి. కట్ట చెదిరిందంటే, పట్టుకోవాల్సిన చెయ్యి దాన్ని వదిలేసి బ్యాండు వెంట పోయిందన్నమాట. 'ఈ చెయ్యి కట్టది, ఆ చెయ్యి బ్యాండుది' అని చెప్పి చూడండి.

కాడల చివరలు మొండి మొనల కత్తెరతో కత్తిరించనివ్వండి. లేత కాడైతే ఒక్క నొక్కుకే తెగుతుంది, అదే వాళ్లకు ఉత్సాహం. బొటనవేలు పైకి ఉండాలి. మోచెయ్యి రెక్కలాగా లేస్తుంటే చంకలో మడిచిన న్యూస్‌పేపర్ పెట్టండి. అది జారకుండా చూసుకునే తిప్పల్లో చెయ్యి తనంతట తానే ఒంటికి దగ్గరవుతుంది. ఎడమచేతి వాటం పిల్లలకు మామూలు కత్తెరతో సరిగా తెగదు, వాళ్లకు వేరే కత్తెర దొరుకుతుంది.

బంతిపూల దండకు సూది వద్దు. ఉన్నిదారం కొసను ఫెవికాల్‌లో ముంచి, సాపుగా లాగి ఒక రాత్రి ఆరబెడితే పుల్లలాగా గట్టిపడుతుంది. తొడిమె మధ్యలో రంధ్రం మాత్రం దబ్బనంతో మీరే చేసి ఇవ్వండి. దారం అర మీటరు దాటితే చిక్కుపడుతుంది. అవతలి కొసకు పెద్ద గుండీ కట్టడం మరిస్తే, ఎక్కించిన పూలన్నీ జారిపోయి ఏడుపు మొదలు.

పది నిమిషాలకే కొందరి చేతులు అలిసిపోతాయి, మూడు వేళ్ల పట్టు పోయి పిడికిలి పట్టు వస్తుంది. అప్పుడు ఆపేయండి. గన్నేరు విషం, పిల్లల పూల పళ్లెంలోకి రానివ్వకండి. మూడేండ్ల లోపు వాళ్లుంటే గుండీలు, గింజలు కూడా అందకూడదు.

చివరికి గౌరమ్మ. రెండు చెంచాల పసుపులో నీళ్లు చుక్కచుక్కగా వేస్తూ కలపాలి. ఒకేసారి పోస్తే జారుడై నిలబడదు. ముద్దను మూడు వేళ్లతో నొక్కుతూ మొన తేల్చమనండి. పాత గౌను వేసి కూర్చోబెట్టండి, పసుపు మరక ఒక ఉతుకుకు పోదు.