చర్చిలో దోమ

ఆఫీసు నుంచి నేరుగా సెయింట్ మేరీస్ కేథడ్రల్‌కి వెళ్లాను. సెప్టెంబర్ 9, సిస్టర్ కాన్‌స్టన్స్ అనే నన్ పోయిన రోజు. అమెరికాలోని ఈ మెంఫిస్ ఊళ్లో ఎల్లో ఫీవర్ రోగులకి సేవ చేస్తూ ఆమె, ఆమెతోపాటు ఇంకొందరు చనిపోయారు, వాళ్లని మెంఫిస్ హతసాక్షులంటారు. ఇవాళ్టి ఆరాధనలో దాదాపు అంతా క్వాయరే పాడింది, ప్రసంగం లేదు. నిజం చెప్పాలంటే అందుకే వెళ్లాను.

మధ్యలో పేర్లు చదివారు. కాన్‌స్టన్స్, థెక్లా, రూత్, ఫ్రాన్సెస్ అనే నలుగురు సిస్టర్లు, పార్సన్స్, స్కైలర్ అనే ఇద్దరు ఫాదర్లు. 1878లో ఎల్లో ఫీవర్ అనగానే ఊళ్లోంచి దాదాపు పాతిక వేల మంది దొరికిన రైలో బండో ఎక్కి వెళ్లిపోయారు. కాన్‌స్టన్స్ అప్పటికి ఊళ్లోనే లేదు, సెలవులకని న్యూయార్క్ వైపు వెళ్లింది. అక్కడే ఉండిపోతే ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు, అయినా తిరిగొచ్చింది. అసలు ఈ సిస్టర్లు 1873లో మెంఫిస్ వచ్చింది ఆడపిల్లల బడి పెట్టడానికి! స్కైలర్ న్యూజెర్సీ నుంచి కావాలని వచ్చాడు, వచ్చిన కొన్ని రోజులకే పోయాడు. ఆ ఏడు ఊళ్లో చనిపోయినవాళ్లు ఐదు వేల మందికి పైనే.

నేనైతే ఆ పాతిక వేలలోనే ఉండేదాన్ని, అందులో అనుమానం లేదు.

సుమెయోను కీర్తన వచ్చింది. ఇక సమాధానంతో పోనివ్వమని ముసలాయన దేవుణ్ణి అడిగే పాట అది. మగగొంతులు బాగా కిందికి దిగి, ఉందా లేదా అన్నట్టు వినిపిస్తుంటే మోచేతి మీద చురుక్కుమంది. దోమ. అంత నిశ్శబ్దంలో ఫట్‌మని కొడితే బాగుండదని చేత్తో తోలేశాను, ఆ తర్వాత పాట సగం చెవికెక్కలేదు. వాళ్లకి తెలియనిది ఇదే కదా. ఈ జబ్బు దోమ వల్లే వస్తుందని క్యూబాలో రుజువయ్యింది 1900లో. అప్పటిదాకా చెడుగాలి అనుకున్నారు, రోగి బట్టల వల్లా పక్క వల్లా అంటుకుంటుందని కూడా అనుకున్నారు. అది తప్పని మనకిప్పుడు తెలుసు, కానీ ఆ సిస్టర్లు దుప్పటి ముట్టుకుంటే చావొస్తుందనుకునే రోజుల్లోనే ఆ దుప్పట్లు మార్చారు, నల్లటి వాంతులు ఎత్తారు. ధైర్యం అనే మాట ఎందుకో దీనికి సరిపోవడం లేదు నాకు, ఇంకో మాటా దొరకడం లేదు.

అయ్యాక బలిపీఠం దాకా వెళ్లి మెట్లు చూశాను. కాన్‌స్టన్స్ ఆఖరిగా అన్న ‘అల్లెలూయా, హోసన్నా’ అక్కడ చెక్కి ఉంది. నా ముందు ఒకావిడ వంగి ఆ అక్షరాల మీద వేలు పెట్టి చూస్తోంది, ఆవిడ లేచేదాకా ఆగాను.

బయటికొచ్చేసరికి చీకటి పడింది. కారు దాకా మోచేయి గోక్కుంటూనే నడిచాను.