పగ్గం లాగితే ఇంకా ఉరికే గుర్రానికి ఏ బిట్?

మా గుర్రం ఒకప్పుడు మలక్‌పేటలో రేసుల్లో పరుగెత్తింది. దౌడు అందుకుంటే ఇక ఆగదు, పగ్గాలు గట్టిగా లాగేకొద్దీ బిట్ (పగ్గాలు తగిలించే నోటి కడ్డీ) మీద బరువు మోపి ఇంకా వేగం పెంచుతుంది, ఎందుకంటే రేసుల్లో దానికి అలవాటైందే అది. అందరూ పెల్హామ్ అనే బిట్ వెయ్యమన్నారు. నాకు మనసొప్పలేదు. కింద గొలుసు, పక్కన పొడవాటి కడ్డీలు ఉన్న ఆ బిట్ మన చేతి చిన్న కదలికను కూడా దవడ మీద పెద్ద నొక్కుడుగా మారుస్తుంది, నొప్పికి బెదిరిన గుర్రం ఇంకా ఉరుకుతుంది కదా! ముందు డాక్టర్‌కి నోరు చూపించాను. పై దవడలో చిన్న వుల్ఫ్ టూత్ (దవడ పళ్లకి ముందు మొలిచే అదనపు పన్ను), బిట్ సరిగ్గా దానికే తగులుతోంది. అది తీయించి, పుండు పూర్తిగా మానాక, ఒకే కీలున్న పాత స్నాఫిల్ (గొలుసు, పొడవాటి కడ్డీలు లేని మామూలు బిట్) బదులు రెండు కీళ్లున్నది వేశాను, పెదవులకి రెండు పక్కలా 3 మిల్లీమీటర్లు వదిలి. ఇప్పుడు లాగి పట్టుకోను, లాగి వదులుతాను, పెద్ద చుట్టు తిప్పుతాను. నిన్న మూడో చుట్టుకే నడకలోకి వచ్చేసింది.